అరచేతి చెమట: మందు రాసే ముందు చెయ్యి ఆరాలి

అరచేతి కింద రుమాలు పరుచుకుని ఓఎంఆర్ షీటు నింపే పిల్లలు ఉంటారు. రుమాలు కాస్త పక్కకు జరిగితే చాలు, కాగితం తడిసి ఉబ్బుతుంది, దిద్దిన గడి అలుక్కుపోతుంది. రేషన్ షాపులో వేలిముద్ర మిషను మీద వేలు పెడితే ముద్ర పడదు. చీరకొంగుతో తుడిచి మళ్లీ పెట్టినా పడదు. వీళ్లకు చుట్టుపక్కల వాళ్లు చెప్పే మాట ఒక్కటే: "ఎందుకంత భయం?" ఆ మాట వాళ్లను ఏళ్ల తరబడి బాధపెడుతుంది, పైగా అది తప్పు.

మన ఒంట్లో చెమట గ్రంథులు 20 నుంచి 40 లక్షల దాకా ఉంటాయి. అరచేతుల్లో, అరికాళ్లలో అవి బాగా దట్టంగా ఉంటాయి. అతిగా చెమట పట్టే వాళ్లలో ఈ గ్రంథులు లెక్కకు ఎక్కువేమీ ఉండవు, ఆకారంలోనూ తేడా ఉండదు. తేడా అంతా వాటికి నరాల నుంచి వచ్చే సంకేతంలో ఉంది. మామూలు మనిషిలో సన్నగా వచ్చే సంకేతం వీళ్లలో ధారగా వస్తుంది. వీపు, నుదురు ప్రధానంగా వేడికి చెమర్చితే, అరచెయ్యి ఎక్కువగా మనసులోని ఒత్తిడికి చెమరుస్తుంది. అందుకే ఏసీ గదిలో కూర్చున్నా చెయ్యి కారుతూనే ఉంటుంది. చెమట గురించిన దిగులే మళ్లీ చెమట పట్టిస్తుంది. నిద్రలో మాత్రం చెయ్యి పొడిగా ఉంటుంది. డాక్టరు మొదట అడగాల్సిన ప్రశ్న కూడా అదే.

ఆరు నెలలకు మించి కారణం లేకుండా చెమట పడుతుంటే ఈ ప్రశ్నలు వేసుకోవాలి. రెండు చేతులకూ సమానంగా పడుతుందా? వారానికి ఒక్కసారైనా వస్తుందా? 25 ఏళ్ల లోపే మొదలైందా? ఇంట్లో ఇంకెవరికైనా ఉందా? నిద్రలో ఆగుతుందా? రోజువారీ పనులకు అడ్డు వస్తుందా? వీటిలో రెండింటికైనా అవునంటే ఇది చాలావరకు విడి సమస్యే, మరో జబ్బుకు గుర్తు కాదు. రాత్రి నిద్రలో దుప్పటి తడిసిపోయేలా చెమట, దానికి తోడు జ్వరం, బరువు తగ్గడం ఉంటే మాత్రం క్షయ పరీక్ష చేయించాలి. చేతులు వణకడం, గుండె దడ ఉంటే థైరాయిడ్ చూడాలి. షుగరుకు ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడేవాళ్లకు ఉన్నట్టుండి ముచ్చెమటలు పడితే వెంటనే పంచదార నీళ్లు తాగించాలి, షుగరు చూడాలి. గుండెలో నొప్పితో పాటు చెమట పడితే 108కి ఫోన్ చేయడమే.

చికిత్సలో మొదటి మెట్టు అల్యూమినియం క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ లోషన్. చంకలకు 20 శాతం సరిపోతుంది. అరచేతి చర్మం మందం కాబట్టి డాక్టర్లు ఒక్కోసారి 30 శాతం దాకా రాస్తారు. "వాడాను, మంట తప్ప ఏమీ లేదు" అనే వాళ్లే ఎక్కువ. వాళ్లలో చాలామంది తడి చేతికే రాసి ఉంటారు. ఈ లవణం నీటితో కలిస్తే హైడ్రోక్లోరిక్ ఆమ్లం పుడుతుంది. మంట దాని వల్లే. మందు పైపైనే ఖర్చయిపోతుంది, గ్రంథి నాళం లోపలికి దిగదు. అది లోపలికి దిగి, అక్కడి మాంసకృత్తులతో కలిసి గట్టిపడి బిరడాలా మూసుకుంటేనే చెమట ఆగుతుంది.

అందుకే రాత్రి పడుకోబోయే ముందు రాయాలి. నిద్రలో చెమట రాదు కాబట్టి మందుకు ఆరేడు గంటలు నిలకడగా దొరుకుతాయి. రాసేముందు చేతులు కడగొద్దు. కడిగితే తువ్వాలుతో తుడిచి, ఫ్యాను కింద పూర్తిగా ఆరనివ్వాలి. హెయిర్ డ్రయ్యరు ఉంటే చల్లగాలి పెట్టుకోవచ్చు. ఉంగరాలు తీసేయాలి, ఈ మందు లోహాన్ని తినేస్తుంది. పలుచగా రాసి, ఆరాక నూలు గ్లౌజులు వేసుకుని పడుకుని, పొద్దున్నే కడిగేయాలి. వరసగా వారం, పది రోజులు రాశాక ఫలితం కనిపిస్తే వారానికి ఒకటి రెండు రాత్రులకు తగ్గించవచ్చు. చర్మం రాలిపోతూ కొత్తది వచ్చే కొద్దీ ఆ బిరడాలూ ఊడిపోతాయి, అందుకే పూర్తిగా మానేస్తే చెమట తిరిగి వస్తుంది. దురద పెడితే ఒకటి రెండు రోజులు ఆపి, డాక్టరు చెప్పిన 1 శాతం హైడ్రోకార్టిజోన్ క్రీమ్ వాడాలి. చంకల్లో షేవింగ్ చేసిన రోజు రాయకూడదు. మంగలి షాపులో కనిపించే పటికలోనూ అల్యూమినియమే ఉంది గానీ, అది వాసన తగ్గించినంతగా చెమటను ఆపలేదు.

లోషన్ సరిపోని అరచేతులకు అయాంటోఫొరెసిస్ మంచి దారి. పేరు పెద్దదే గానీ పని చిన్నది. రెండు పళ్లేలలో కుళాయి నీళ్లు పోసి, రెండు చేతులూ చెరో దాంట్లో ఆనించి, సన్నని కరెంటు పంపడం. నీళ్లు అరచెయ్యి మునిగేదాకానే ఉండాలి, చేతి వెనక వైపుకు రాకూడదు. గోరు పక్కన చర్మం లేచినా, చిన్న గీత ఉన్నా అక్కడ వ్యాజలైన్ పూయాలి. లేదంటే కరెంటంతా ఆ పుండులోంచే దూరి సూదులు గుచ్చినట్టు మంట పెడుతుంది. సున్నా నుంచి మెల్లగా పెంచుతూ 15–20 మిల్లీ ఆంపియర్ల దాకా వెళ్లాలి. జివ్వుమంటే ఫర్వాలేదు, నొప్పి పుడితే తగ్గించాలి. ప్లస్ వైపున్న చెయ్యి బాగా ఆరుతుంది కాబట్టి 10 నిమిషాలయ్యాక దిశ మార్చి ఇంకో 10 నిమిషాలు పెట్టాలి. కరెంటు సున్నాకు దించకుండా మధ్యలో చెయ్యి తీస్తే ఝల్లుమని షాక్ కొడుతుంది.

మన ఇళ్లలో జరిగే పొరపాటు ఒకటుంది: శుభ్రంగా ఉంటాయని ఆర్ఓ నీళ్లు పోయడం. అందులో లవణాలు దాదాపు ఉండవు, కరెంటు పారదు, మిషను ముల్లు పైకి లేవదు. ఉప్పదనం ఉన్న బోరు నీళ్లే ఇక్కడ నయం. ఆర్ఓ నీళ్లు తప్పకపోతే అర టీస్పూను వంటసోడా కలపాలి. వారానికి మూడుసార్లు చొప్పున 6 నుంచి 10 సార్లు చేశాకే తేడా తెలుస్తుంది. నాలుగోసారికే విసిగి మానేస్తే ఏమీ దక్కదు. చెయ్యి ఆరాక వారానికో, రెండు వారాలకో ఒకసారి చాలు. ఇక్కడ కరెంటు ఒక చేతి నుంచి ఛాతీ మీదుగా రెండో చేతికి వెళ్తుంది. అందుకే పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, గర్భిణులు, ఒంట్లో లోహపు రాడ్లు, ప్లేట్లు ఉన్నవాళ్లు, మూర్ఛ ఉన్నవాళ్లు దీని జోలికి పోకూడదు. అదే కారణం చేత ఛార్జర్లు, అడాప్టర్లతో ఇంట్లో సొంతంగా ఈ మిషను తయారు చేయడం ప్రాణాంతకం.

చెమట తగ్గించే గ్లైకోపైరోలేట్ మాత్రను 1 మిల్లీగ్రాముతో మొదలుపెడతారు. నోరు ఎండిపోతుంది, చూపు మసకబారవచ్చు, మూత్రం కష్టం కావచ్చు. గ్లాకోమా (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు), ప్రోస్టేట్ వాపు ఉన్నవాళ్లకు పనికిరాదు. అన్నిటికన్నా ముఖ్యం, అది ఒళ్లంతా చెమటను తగ్గిస్తుంది. మే నెలలో రెంటచింతల, రామగుండం ఎండల్లో పనిచేసే మనిషికి చెమటే రక్ష. అది ఆగితే వడదెబ్బ తగులుతుంది.

బొటాక్స్ అనే సూదిమందు చంకలకు బాగా నప్పుతుంది. ఎక్కడ గుచ్చాలో తెలుసుకోవడానికి ముందు అయోడిన్ పూసి, ఆరాక గంజిపొడి చల్లుతారు. చెమట ఊరే ప్రతి రంధ్రం దగ్గరా నల్లని చుక్క లేచి, కాసేపట్లో చుక్కలన్నీ కలిసి మరకవుతాయి. ఆ మరక లోపల ఒక్కో చంకకు 50 యూనిట్లను 10–15 చోట్ల పంచి ఇస్తారు. ఆరు నెలల దాకా పనిచేస్తుంది. అరచేతికి ఇస్తే నొప్పి విపరీతం, మణికట్టు దగ్గర మత్తు సూది కావాలి. కొన్ని వారాలు బొటనవేలి పట్టు సడలుతుంది. దర్జీలు, కంసాలులు, వాద్యకారులు ఈ మాట ముందే అడిగి తెలుసుకోవాలి.

ఛాతీలోని నరాన్ని కత్తిరించే ఆపరేషన్ చేతులను ఆ పూటే ఆరబెడుతుంది. కానీ చాలామందికి ఆ తర్వాత వీపు, పొట్ట, తొడల మీద చెమట పెరుగుతుంది, కొందరికి చొక్కా పిండేంతగా. దాన్ని వెనక్కి తిప్పే దారి దాదాపు లేదు. పైవన్నీ సరైన పద్ధతిలో చేసి చూశాకే ఆ మాట ఎత్తాలి.

మే మొదట్లో నీట్ రాసే పిల్లవాడికి అయాంటోఫొరెసిస్ మార్చి నెలాఖరుకే మొదలుకావాలి. మూడున్నర వారాలు చికిత్సకు పోతాయి, చర్మం పొడిబారి పగిలితే సర్దుకోవడానికి ఇంకో వారం చేతిలో ఉండాలి. కొత్త మాత్ర ఏదైనా మొదటిసారి పరీక్ష రోజున వేయకూడదు.