ఊపిరి పీలిస్తే వంగే మోచెయ్యి

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మోసే ఒక హమాలీ, రాత్రివేళ విజయవాడ నుంచి బైకు మీద వస్తూ మంగళగిరి దగ్గర పడ్డాడనుకుందాం. ఎముక విరగలేదు. కానీ కుడిచెయ్యి చచ్చుబడి భుజం నుంచి వేలాడుతోంది. పడినప్పుడు తల ఒకవైపుకు, భుజం మరోవైపుకు గుంజుకుపోవడంతో, మెడ దగ్గర వెన్నుపాము నుంచి చేతికి వచ్చే అయిదు నరాల మొదళ్లు తెగాయి. కొన్ని వెన్నుపాము నుంచే ఊడివచ్చాయి.

తెగిన నరం మళ్లీ పెరుగుతుంది, రోజుకు సుమారు 1 మిల్లీమీటరు. అంతకాలం ఆజ్ఞలు అందని కండరం ఎండిపోతుంది. ఏడాది, ఏడాదిన్నర దాటితే నరం చేరుకున్నా అది పలకదు. నరాలు కలిపే శస్త్రచికిత్సకు మొదటి ఆరు నెలలే మంచి అదను. ఆ ఆరు నెలలూ నాటుకట్టుతో, నూనె మర్దనతో గడిచిపోయాయని వింటే నాకు ఒళ్లు మండుతుంది.

ఆలస్యమైనా ఒక దారి ఉంది. తొడ లోపలివైపు గ్రాసిలిస్ అనే పొడవాటి కండరం ఉంటుంది. దాని పనిని పక్క కండరాలు చేసిపెడతాయి కాబట్టి తీసేసినా నడకకు పెద్దగా లోటుండదు. దాన్ని రక్తనాళాలు, నరంతో సహా తీసి, భుజం నుంచి మోచేతి కిందికి అమరుస్తారు. మైక్రోస్కోపులో చూస్తూ, వెంట్రుక కంటే సన్నని దారంతో రక్తనాళాలు కుడతారు. కొన్ని గంటల్లో రక్తం అందకపోతే కండరం దక్కదు. బిగువు కూడా కుదరాలి. తొడలో సాగి ఉన్నప్పుడే 5 సెంటీమీటర్లకొక దారపు గుర్తు పెట్టుకుని, చేతిలోనూ అదే ఎడం వచ్చేలా లాగి కడతారు. నవారు మంచం బిగించినవారికి ఇది వేరే చెప్పనక్కర్లేదు.

మరి ఆజ్ఞ ఇచ్చేదెవరు? చేతి నరాలు పోయాయి కదా! పక్కటెముకల మధ్య ఊపిరికి తోడ్పడే నరాలను అరువు తెచ్చి కలుపుతారు. నెలల తర్వాత, గట్టిగా ఊపిరి పీల్చినప్పుడు, జబ్బలో ఆ తొడ కండరం మొదటిసారి అదురుతుంది. అక్కడి నుంచి ఫిజియోథెరపీలో ఒకటే పాఠం: ఊపిరి పీల్చు, మోచెయ్యి వంచు. క్రమంగా మెదడు ఆ రెండు పనులనూ విడదీసుకుంటుంది. ఊపిరితో నిమిత్తం లేకుండా, వంచాలనుకుంటే చెయ్యి వంగుతుంది.

ఆ చేత్తో అతను మళ్లీ టిక్కీ ఎత్తలేడు. వేళ్ల పట్టు రావడం వేరే కథ. మోచేతి మడతలో కూరగాయల సంచి తగిలించుకుని రాగలడు. దగ్గు వస్తే మాత్రం, అతను అనుకోకపోయినా చెయ్యి ఒక్కోసారి కాస్త పైకి లేస్తుంది.