అమావాస్యనాడు చంద్రుడు కనబడడు, పోటు ఎందుకు పెరుగుతుంది?

గోదావరి వశిష్ఠ పాయ మీద సఖినేటిపల్లి రేవులో పంటు కోసం నిలబడితే ఎవరికైనా రాగల సందేహమే. పౌర్ణమినాడు చంద్రుడు నిండుగా ఉంటాడు, వశిష్ఠలో పోటు పెద్దదైందంటే సరే. అసలు కనబడని అమావాస్యనాడూ అంత పోటు దేనికి? పైగా చంద్రుడు రోజుకు ఒక్కసారే నడినెత్తికొస్తాడు, పోటు మాత్రం రెండుసార్లు వస్తుంది!

"చంద్రుడు నీటిని ఆకర్షించడం వల్ల ఆటుపోట్లు" అని బళ్ళో ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ ముక్క ఈ రెండింటికీ జవాబు చెప్పదు. పోటును పుట్టించేది చంద్రుడి లాగుడు కాదు, ఆ లాగుడు భూమి మీద చోటుచోటుకీ మారడం: చంద్రుడికి దగ్గరైన చోట ఎక్కువ, దూరమైన చోట తక్కువ.

ముగ్గురు పిల్లలు గట్టుమీద ఒకరి వెనక ఒకరు ఒకే దిక్కుకు పరుగెడుతున్నారనుకోండి. అందరికంటే ముందువాడిది ఎక్కువ వేగం, వెనకవాడిది తక్కువ. మధ్యవాడు చూస్తే ముందువాడు ముందుకీ, వెనకవాడు వెనక్కీ దూరమవుతుంటారు. వెనకవాణ్ణి వెనక్కి లాగినవాళ్ళెవరూ లేరు. మధ్యవాడు భూమి కేంద్రం, ముందువాడు చంద్రుడి వైపు సముద్రం, వెనకవాడు అవతలివైపు సముద్రం. అందుకే నీరు రెండు వైపులా ఉబ్బుతుంది. భూమి ఒక చుట్టు తిరిగేసరికి మన రేవు రెండు ఉబ్బులనూ దాటుతుంది కాబట్టి రోజుకు రెండు పోట్లు.

ఇక లెక్క. భూమి కేంద్రం దగ్గర చంద్రుడి లాగుడు 100 అనుకుందాం. చంద్రుడి దూరం సగటున 3,84,400 కిలోమీటర్లు, భూమి వ్యాసార్ధం 6,371. దూరం వర్గానికి విలోమంగా లెక్కేస్తే ఇవతలి సముద్రం దగ్గర 103.4, అవతల 96.8. తేడా రెండు వైపులా ఇంచుమించు 3.3. అందుకే రెండు ఉబ్బులూ దాదాపు సమానం. ఇదే కొలతలో సూర్యుడి లాగుడు సుమారు 17,800! కానీ ఆయన 14.96 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉండటంతో ఇవతలికీ కేంద్రానికీ తేడా 1.5 మాత్రమే. నూట డెబ్భై ఎనిమిది రెట్లు బలంగా లాగే సూర్యుడు పోటు దగ్గరకొచ్చేసరికి చంద్రుడిలో సగానికి కూడా తూగడు.

అమావాస్యకు ఇద్దరూ ఒకవైపు, పౌర్ణమికి ఎదురెదురు. ఉబ్బు ఎలాగూ రెండు వైపులా ఉంటుంది కాబట్టి సూర్యుడు ఏ వైపునున్నా ఒకటే: 3.3కి 1.5 కలిపితే 4.8. అష్టమికి ఇద్దరూ లంబకోణంలో ఉంటారు, సూర్యుడి ఉబ్బు చంద్రుడి ఉబ్బుకు అడ్డంగా పడుతుంది, తీసేస్తే 1.8. చంద్రుడి మీద వెలుగు పడటంతో దీనికి సంబంధమే లేదు.

మనిషి ఒంట్లోనూ నీరే కదా, అమావాస్యకు పిచ్చి ముదరదా అంటారు. ముదరదు. 6,371 కిలోమీటర్ల మీద వచ్చే తేడాయే బరువులో 90 లక్షల్లో ఒక వంతు. మనిషి ఎత్తు ఆ 6,371 కిలోమీటర్లలో 37 లక్షల్లో ఒక వంతు. ఊరి చెరువులోనే పోటు రాదు, ఒంట్లో ఎక్కడ వస్తుంది?

అంత చిన్న బలం నీటిని నిలువుగా ఎత్తలేదు. వేల కిలోమీటర్ల పొడవునా పక్కకు తోస్తుంది, ఆ నీరు అలలా ప్రయాణించి తీరం చేరుతుంది. ఎంత ఎత్తు లేస్తుందన్నది తీరం ఆకారం, లోతుల పని. కాకినాడలో పెద్ద పోటు సుమారు మీటరున్నర, గుజరాత్‌లోని భావనగర్ దగ్గర పది మీటర్ల దాకా. అలా ప్రయాణించాలి కాబట్టే చంద్రుడు నడినెత్తికొచ్చిన క్షణాన పోటు రాదు, పెద్ద పోటు కూడా తిథి దాటి ఒకటి రెండు రోజులకు వస్తుంది.

మీ రేవులో ఒక పౌర్ణమినాడు నిండు పోటు వేళ రాసిపెట్టుకోండి. ప్రతి పౌర్ణమికీ, అమావాస్యకూ ఇంచుమించు అదే వేళ. అక్కణ్ణించి రోజుకు సగటున 50 నిమిషాలు కలపండి, రెండో పోటు 12 గంటల 25 నిమిషాల తర్వాత. పెద్ద పోట్ల రోజుల్లో జాప్యం 50 కంటే తక్కువ, అష్టమి తర్వాత గంట దాటుతుంది. గాలి, వరద ఉంటే ఈ లెక్క నమ్మకండి.

నది సముద్రంలో కలిసే మొగలోంచి పైకి వెళ్ళేకొద్దీ పోటు త్వరగా ఎక్కి, నెమ్మదిగా దిగుతుంది. అల వేగం లోతును బట్టి మారుతుంది: నాలుగు మీటర్ల లోతులో సెకనుకు 6.3 మీటర్లు, ఐదు మీటర్లలో 7. అల శిఖరం కింద లోతెక్కువ కాబట్టి అది పల్లాన్ని తరుముకొస్తుంది. దీనికితోడు పాటులో, అంటే నీరు దిగే వేళ, గోదారి ప్రవాహం కూడా కలుస్తుంది కాబట్టి దిగడానికి ఎక్కువసేపు పడుతుంది.

రొయ్యల చెరువుకు నీళ్ళు తోడేవాళ్ళకు అసలు చిక్కు అడుగున ఉంది. ఉప్పునీరు లీటరు సుమారు 1,025 గ్రాములు, మంచినీటికంటే బరువు. ప్రవాహం తగ్గిన వేసవిలో పోటు దాన్ని అడుగునుంచి లోపలికి తోస్తుంటే పైన నీరు చప్పగానే ఉంటుంది. దోసిట్లో నీళ్ళు రుచి చూసి ఉప్పు లేదనుకుంటే, అడుగుకు ఆనిన మోటారు గొట్టం తోడేది వేరే నీరు. మూత బిగించిన సీసాను కర్రకు కట్టి, మూతకు తాడు వేసి, అడుగుకు దించాక లాగి నింపండి. పైనీరూ అడుగునీరూ విడివిడిగా పీపీటీ (వెయ్యి పాళ్ళ నీటిలో ఉప్పు ఎన్ని పాళ్ళన్న లెక్క) కొలవండి. నిండు పోటులో ఒకసారి, పాటు ఆఖరున మరోసారి.