పండుగ పిండివంటలు, ఇంటి కేకులు: కొన్ని అపోహలు, వాటి వెనుక వాస్తవాలు

నల్లగొండలో ఇంటి దగ్గరే ఉండి పండుగలకు పిండివంటలు, క్రిస్మస్‌కూ పుట్టినరోజులకూ కేకులు ఆర్డర్ల మీద చేసి ఇవ్వడం నా వృత్తి. సంక్రాంతికి సకినాలు, ఉగాదికి బక్షాలు (బొబ్బట్లు), డిసెంబరులో ప్లమ్ కేకు అంటూ వంటలు మారుతుంటాయి కానీ, వాటి చుట్టూ అల్లుకున్న నమ్మకాలు మాత్రం పెద్దగా మారవు. వంట కుదిరితే చేతివాసి అనీ, కుదరకపోతే దిష్టి అనీ అనుకోవడం మనకు అలవాటైపోయింది. పిండిలో ఎంత తడి ఉంది, పొయ్యి మీద ఎంత వేడి ఉంది, ఆ రెండింటికీ ఎంత సమయం ఇచ్చాము అన్నవి గమనిస్తే చెడిన వంటల్లో చాలావాటికి కారణం అక్కడే దొరుకుతుంది.

అపోహ: సకినాలు నూనెలో పేలినా, విరిగినా ఎవరిదో దిష్టి తగిలినట్టే.

వాస్తవం: పేలడానికి కారణం లోపల చిక్కుకున్న నీటి ఆవిరి. సకినం చుట్టలో పైపొర త్వరగా గట్టిపడి లోపల తడి అలాగే ఉండిపోతే, ఆ నీరు ఆవిరై బయటికి దారి లేక చుట్టను చీల్చుకొని వస్తుంది. పాత నూలు పంచె మీదనో చీర మీదనో సకినాలు చుట్టి కాసేపు వదిలేయమని మన పెద్దలు చెప్పింది ఇందుకే. బట్ట తడిని పీల్చుకుంటుంది, చుట్ట ఆరుతుంది, నూనెలో వేసేందుకు తీసేటప్పుడు విరగకుండా వస్తుంది. పాలిస్టర్ బట్ట మీద చుడితే ఈ పని జరగదు. అయితే ఆరబెట్టడం అతిగా జరిగినా నష్టమే, చుట్టలు పగుళ్లు బారి నూనెలో ముక్కలవుతాయి. వేలితో తాకితే తడి అంటకూడదు, కానీ చుట్ట ఇంకా చల్లగా, కొద్దిగా మెత్తగా తగలాలి. ఆ దశలోనే పళ్లెంతో ఎత్తి మధ్యస్థమైన మంట మీద నూనెలోకి జార్చాలి. చుట్టూ లేచే బుడగలు దాదాపు తగ్గిపోయాయంటే లోపలి తడి పోయినట్టు. అప్పుడే తీయాలి, ఎర్రబడే దాకా ఆగనక్కరలేదు.

పిండి విషయం ఇంతకన్నా ముఖ్యమైనది. బియ్యం రాత్రంతా నానబెట్టి, నీరు వార్చి, పైతడి ఆరగానే గిర్నీ పట్టించాలి. ఆ పిండిని గుప్పిట్లో నొక్కితే ముద్దగా నిలవాలి, వేలితో కదిలిస్తే పొడిగా విడిపోవాలి. దుకాణంలో దొరికే పొడి బియ్యప్పిండికి నీళ్లు కలిపితే ఈ గుణం రాదు, ఎందుకంటే నానిన గింజ లోపలి దాకా మెత్తబడి ఉంటుంది, పొడి పిండిలో నీరు రేణువుల పైపైనే ఉంటుంది.

2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో రేషన్ సన్నబియ్యం పంపిణీ మొదలైన తరువాత ఒక కొత్త అపోహ పుట్టింది. దొడ్డు బియ్యం లేకపోతే సకినాలు రావని చాలామంది దిగులు పడుతున్నారు. గింజ సన్నమా దొడ్డా అన్నదాని కన్నా బియ్యం కొత్తవా పాతవా అన్నదే ఇక్కడ ఎక్కువ తేడా చూపిస్తుంది. కొత్త బియ్యం తక్కువ నీటినే తీసుకొని జిగురుగా ఉంటాయి, పాతవి ఎక్కువ నీరు కోరతాయి. కాబట్టి సన్నబియ్యంతో నిశ్చింతగా చేసుకోవచ్చు. పిండి కలిపేటప్పుడు నీళ్లు ఒకేసారి పోయకుండా, వేళ్ల మధ్య నుంచి తెగకుండా సాగే వరకు కొద్దికొద్దిగా చేరుస్తూ వెళ్లాలి.

అపోహ: నెలసరిలో ఉన్నవారి చేయి తగిలితే అరిసెల పాకం చెడుతుంది.

వాస్తవం: ఈ మాట వల్ల పండుగ పూట ఎందరో ఆడపిల్లలు తమ ఇంట్లోనే ఒక మూలకు జరిగి కూర్చోవలసి వస్తోంది. అది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. పాకానికి మనిషి శరీర స్థితితో ఏ సంబంధమూ లేదు. బెల్లంలోని నీరు ఎంత వరకు ఆవిరైంది అన్నదే దాని లెక్క. అరిసెలకు కావలసిన ఉండపాకం సుమారు 112 నుంచి 116 డిగ్రీల సెల్సియస్ మధ్య వస్తుంది. థర్మామీటరు లేకపోయినా, చన్నీళ్ల పళ్లెంలో చుక్క వేసి వేళ్లతో దగ్గరికి తెస్తే మెత్తటి ఉండగా నిలిస్తే చాలు. ఆ దశకు రాకముందే పిండి కలిపితే అరిసె నూనెలో విచ్చిపోతుంది, దాటిన తరువాత కలిపితే పండ్లు నొప్పి పుట్టేంత గట్టిగా తయారవుతుంది. రెండు మూడు డిగ్రీల తేడాతో జరిగే ఈ మార్పుకు కారణం తెలియని కాలంలో ఎవరో ఒకరి మీద నింద పడింది. ఇప్పుడు కారణం తెలుసు కాబట్టి ఆ నిందను వదిలేయాలి. విచ్చిపోతున్న పిండిలో కొంచెం బియ్యప్పిండి, బిగుసుకుపోయిన దానిలో కొద్దిగా వేడినీళ్లు చేర్చి సరిచేసుకునే వీలు కూడా ఉంది.

బెల్లం గురించి మరో రెండు మాటలు. బంగారు రంగులో మెరిసే బెల్లమే స్వచ్ఛమైనదన్నది నిజం కాదు. చెరకు రసానికి ఆ రంగు తేవడానికి హైడ్రోస్ వంటి రసాయనాలు వాడే అలవాటు ఉంది కాబట్టి ముదురు గోధుమ రంగును చూసి వెనకాడనక్కరలేదు. ఇక బెల్లంతో చేసిన బక్షాలు షుగరు ఉన్నవారు ఎన్నయినా తినవచ్చన్నది ప్రమాదకరమైన అపోహ. బెల్లంలో అధిక భాగం చక్కెరలో ఉండే సుక్రోజే. అందులో కొద్దిపాటి ఖనిజాలు ఉన్నంత మాత్రాన అది రక్తంలో గ్లూకోజును పెంచకుండా ఉండదు. ఇంట్లో షుగరు ఉన్న పెద్దవారికి పెట్టే బక్షం చిన్నదిగా చేయడం, ఒకటితో ఆపడం తప్ప దీనికి దగ్గరిదారి లేదు.

అపోహ: నీళ్లు బాగా మరిగిస్తే ఫ్లోరైడ్ పోతుంది, కాబట్టి పాయసానికి, పప్పుకు బోరు నీళ్లు వాడినా ఫరవాలేదు.

వాస్తవం: మన జిల్లాలో ఇంతకన్నా హాని చేసే వంటింటి అపోహ మరొకటి లేదని నా అభిప్రాయం. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన మనుషులను చూసిన తరువాత కూడా ఈ మాట వినబడుతూనే ఉంది. మరిగించడం వల్ల సూక్ష్మజీవులు చస్తాయి కానీ ఫ్లోరైడ్ ఆవిరి కాదు. నీరు తగ్గేకొద్దీ మిగిలిన నీటిలో దాని సాంద్రత పెరుగుతుంది. గంటసేపు సన్నని మంట మీద మరిగే పాయసంలో జరిగేది ఇదే. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీటి వనరు లేనప్పుడు గరిష్ఠంగా 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతించవచ్చని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. ఫ్లోరైడ్‌ను తగ్గించడానికి పటికను, సున్నాన్ని ఉపయోగించే పద్ధతికి ప్రపంచమంతటా మన నల్లగొండ పేరే ఉందన్న సంగతి గుర్తుంటే, ఈ సమస్య మనకు ఎంత సొంతమో అర్థమవుతుంది. వంటకు కూడా మిషన్ భగీరథ పథకం నల్లా నీళ్లనో, శుద్ధి చేసిన నీళ్లనో వాడాలి. తాగేందుకు ఒక నీరు, వండేందుకు మరో నీరు అన్న విభజన ఇక్కడ పనికిరాదు.

బోరు నీళ్లతో వచ్చే మరో ఇబ్బంది శనగపప్పు ఉడకకపోవడం. ఆ నీటిలోని కాల్షియం పప్పు గింజలోని పెక్టిన్‌తో కలిసి దాన్ని గట్టిపరుస్తుంది. అప్పుడు వంటసోడా వేయడం చాలామందికి అలవాటు. పప్పు మెత్తబడుతుంది, నిజమే, కానీ అందులోని బి1 విటమిన్ చాలావరకు నశిస్తుంది, బక్షాల పూర్ణానికి సబ్బు వంటి రుచి వస్తుంది. మంచినీటిలో మూడు నాలుగు గంటలు నానబెట్టి, ఆ మంచినీటిలోనే ఉడికిస్తే సోడా అవసరం ఉండదు.

అపోహ: వంటసోడా, బేకింగ్ పౌడర్ ఒక్కటే, ఏది దొరికితే అది వేయవచ్చు.

వాస్తవం: వంటసోడా ఒక్కటే ఉన్న క్షార పదార్థం. దానికి పెరుగు, మజ్జిగ, నిమ్మరసం వంటి పులుపు తోడైతేనే పూర్తిగా పనిచేసి వాయువును విడుదల చేస్తుంది. బేకింగ్ పౌడర్‌లో సోడాతో పాటు ఆమ్లం, కొంత పిండిపదార్థం ముందే కలిపి ఉంటాయి. అందుకే పెరుగు లేని కేకులో వంటసోడా వేస్తే చేదు, పసుపు మచ్చలు వస్తాయి. ఒక కప్పు మైదాకు ఒక టీస్పూను బేకింగ్ పౌడర్, లేదా పెరుగు ఉన్నప్పుడు పావు టీస్పూను వంటసోడా సరిపోతుంది. మినప గారెలకు ఈ రెండూ అక్కరలేదు. నీళ్లు తక్కువ పోసి రుబ్బి, చేత్తో బాగా గిలకొట్టిన పిండి చుక్కను నీటి గిన్నెలో వేస్తే తేలాలి. సోడా వేసిన గారె గుల్లగా కనబడుతుంది కానీ నూనె పీల్చుకుంటుంది.

అపోహ: వెన్న గది ఉష్ణోగ్రతలో ఉండాలని రాశారు కాబట్టి గంటసేపు బయట పెట్టాలి.

వాస్తవం: ఆ వంట విధానాలు రాసిన చల్లని దేశాల్లో గది ఉష్ణోగ్రత అంటే సుమారు 20 డిగ్రీలు. మే నెలలో మన వంటిల్లు 40 డిగ్రీలు దాటుతుంది. అక్కడ మెత్తబడే వెన్న ఇక్కడ కరిగి నూనె అవుతుంది. కరిగిన వెన్నలో చక్కెర ఎంత గిలకొట్టినా గాలి నిలవదు, కేకు దిమ్మలా దిగిపోతుంది. వేలితో నొక్కితే గుంట పడాలి, పైన మెరుపు రాకూడదు. వేసవిలో ఫ్రిజ్ నుంచి తీసిన కొద్ది నిమిషాలకే ఆ స్థితి వస్తుంది. క్రిస్మస్ చలి ఉదయాల్లో మాత్రం గంట పట్టినా ఆశ్చర్యం లేదు. గడియారం కన్నా వేలిని నమ్మడం మంచిది.

ఓవెన్ లేనిదే కేకు రాదన్నది కూడా సరికాదు. మందపాటి అడుగున్న బగోనె లేదా పాత కుక్కరులో స్టాండు పెట్టి, మూతపెట్టి పది నిమిషాలు వేడిచేసి, సన్నని మంట మీద కేకు చేసుకోవచ్చు. కుక్కరైతే రబ్బరు, విజిల్ రెండూ తప్పకుండా తీసేయాలి. గుడ్డు లేకపోయినా పెరుగు, సోడా కలయికతో మెత్తటి కేకు వస్తుంది, కోసినప్పుడు కొద్దిగా ఎక్కువ పొడిరాలుతుంది, అంతే.

అపోహ: ప్లమ్ కేకులో రమ్ము వేసినా బేక్ చేసేటప్పుడు మొత్తం ఆవిరైపోతుంది.

వాస్తవం: పూర్తిగా పోదు. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికల ప్రకారం పిండిలో కలిపిన మద్యంలో గంటసేపు ఉడికిన తరువాత కూడా దాదాపు నాలుగో వంతు మిగులుతుంది. మన బస్తీల్లో క్రిస్మస్ కేకు పక్కింటి ముస్లిం కుటుంబానికీ, చిన్నపిల్లలకూ వెళుతుంది. రంజాన్‌కు వారింటి నుంచి షీర్‌ఖుర్మా మనకు వస్తుంది. అలాంటప్పుడు కేకులో ఏముందో స్పష్టంగా చెప్పవలసిన బాధ్యత చేసినవారిది. ఎండుద్రాక్ష, ఖర్జూరం, చెర్రీలను బత్తాయి రసంలోనో, ద్రాక్ష రసంలోనో ఫ్రిజ్‌లో ఒకటి రెండు రోజులు నానబెడితే రుచికి ఏ లోటూ రాదు. అందుకే నేను ఆర్డరు కేకుల్లో మద్యం వాడను.

పాలమూరు జిల్లా బాలానగర్ పేరుతోనే ప్రసిద్ధమైన సీతాఫలం దసరా, దీపావళి రోజుల్లో బుట్టలకొద్దీ వస్తుంది. దాని గుజ్జును కేకు పిండిలో కలిపి బేక్ చేయవచ్చని చాలామంది అనుకుంటారు. వేడి తగిలితే ఆ గుజ్జు చేదెక్కుతుంది. చల్లారిన పాయసంలోనో, కేకు మీది క్రీములోనో కలపాలి. గింజలు విషపూరితం కాబట్టి మిక్సీలో వేయకుండా చేత్తో తీసేయాలి.

అపోహ: నూనె నల్లబడే దాకా ఎన్నిసార్లయినా వాడవచ్చు, మళ్లీ కొత్త నూనె పోస్తే శుభ్రమవుతుంది.

వాస్తవం: రంగు ఆలస్యంగా కనబడే లక్షణం మాత్రమే. వేయించేకొద్దీ నూనె విచ్ఛిన్నమై ఏర్పడే పోలార్ సమ్మేళనాలు అందులో పెరుగుతాయి. అవి 25 శాతం దాటిన నూనెను వాడకూడదని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన 2018 జులై 1 నుంచి అమల్లో ఉంది. ఇంట్లో దాన్ని కొలవలేము కాబట్టి గుర్తులు చూసుకోవాలి: మామూలు వేడికే పొగ రావడం, నురగ ఆగకుండా లేవడం, జిడ్డుగా చిక్కబడటం. పాత నూనెలో కొత్తది పోస్తే కొత్తదీ త్వరగా చెడుతుంది. ముందు సకినాలు, తరువాత గారెలు, చివరన బెల్లంతో చేసే అరిసెలు వేయించుకుంటే పల్లినూనె ఎక్కువసేపు బాగుంటుంది, ఎందుకంటే నూనెలో రాలిన బెల్లం ముక్కలే ముందుగా మాడతాయి. మూకుడులో మంట లేస్తే నీళ్లు పోయడం ప్రాణాంతకం. పొయ్యి ఆర్పి, మూకుడు మీద పెద్ద మూత పెట్టి, చల్లారే దాకా కదిలించకూడదు.

అపోహ: పులిహోర, పెరుగన్నం ఎంతసేపు బయట ఉన్నా ఏమీ కాదు, కావాలంటే మళ్లీ వేడి చేసుకోవచ్చు.

వాస్తవం: సద్దుల బతుకమ్మ నాడు మధ్యాహ్నం వండిన సద్దులు రాత్రి బతుకమ్మను సాగనంపిన తరువాతే తింటాము. నువ్వుల, పల్లీల సత్తులు పొడిగా ఉంటాయి కాబట్టి వాటితో భయం లేదు. అన్నంతో చేసినవాటి సంగతి వేరు. బియ్యంలో ఉండే బాసిల్లస్ సెరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు వండినా చావవు, గోరువెచ్చని అన్నంలో మొలకెత్తి విషాన్ని తయారుచేస్తాయి, ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. చింతపండు పులుపు వాటి పెరుగుదలను నెమ్మదింపజేస్తుంది కాబట్టి పులిహోర తెల్లన్నం కన్నా మేలు. కొబ్బరి అన్నానికి ఆ రక్షణ కూడా లేదు. అన్నాన్ని వెడల్పాటి పళ్లెంలో పరిచి త్వరగా చల్లార్చి, పులుసు బాగా పట్టించి, పొడి గంటెతోనే తీయాలి. పెరుగన్నం ఇంటి నుంచి బయలుదేరే ముందు చల్లని పెరుగుతో కలుపుకోవాలి. కొబ్బరి అన్నాన్ని వీలైనంత ఆలస్యంగా వండి, మిగతావాటి కన్నా ముందుగా పంచి పెట్టాలి.