అపలాచియన్ స్ప్రింగ్: అందులో వసంతం లేదు, కొండలూ లేవు

ఆర్కెస్ట్రాలో వయొలిన్ వాయిస్తానని తెలిస్తే చాలు, అమెరికన్ స్వరకర్త ఆరన్ కోప్లాండ్ పేరెత్తిన ప్రతివాళ్లూ ‘అపలాచియన్ స్ప్రింగ్ వింటుంటే కొండల్లో వసంతం కళ్లకు కడుతుందండీ’ అంటారు. నేనూ ఒకప్పుడు అలాగే అన్నాను లెండి.

అపోహ: ఇది అమెరికా తూర్పున ఉన్న అపలాచియన్ కొండల మీద, వసంతం మీద రాసిన సంగీతం.

కాదు. రాస్తున్నన్నాళ్లూ కోప్లాండ్ దాన్ని ‘బ్యాలే ఫర్ మార్తా’ అనే పిలుచుకున్నారు, అంటే అమెరికన్ నర్తకి మార్తా గ్రాహం నాట్యం కోసం రాస్తున్న సంగీతం, అంతే. 1944 అక్టోబరు 30న వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో తొలి ప్రదర్శన. దానికి కాస్త ముందు గ్రాహం, హార్ట్ క్రేన్ అనే అమెరికన్ కవి రాసిన కవితలోంచి ఈ పేరు తీసి పెట్టారు. తమాషా ఏంటంటే ఆ కవితలో స్ప్రింగ్ అంటే నీటి ఊట! కొండలు కనిపిస్తున్నాయని జనం చెబుతుంటే కోప్లాండ్‌కి నవ్వొచ్చేది.

అపోహ: పెద్ద ఆర్కెస్ట్రా కోసమే రాశారు.

మొదట రాసింది 13 మందికి. అక్కడ వాద్యకారులు కూర్చునే చోటే అంత. ఇప్పుడు ఎక్కువగా వినిపించే ఆర్కెస్ట్రా సూట్, అంటే బ్యాలేలోని భాగాలు ఏరి కచేరీ కోసం కూర్చింది, 1945 నాటిది. నాకైతే ఆ 13 మందిదే ఇష్టం, అందులో పియానో దెబ్బ సూటిగా తగులుతుంది.

అపోహ: జానపద బాణీలన్నీ తెచ్చి అతికించారు.

ఇందులో అరువు తెచ్చుకున్నది ‘సింపుల్ గిఫ్ట్స్’ ఒక్కటే. 1848 నాటి షేకర్ల పాట. ప్రార్థనలోనే నాట్యం చేసే మతశాఖ వాళ్లది, వంగడం, తిరగడం ఆ పాట మాటల్లోనే ఉంటుంది. అదే కోప్లాండ్ మరో బ్యాలే ‘రోడియో’ (1942) సంగతైతే వేరు, అందులో ‘హో-డౌన్’ అనే నాట్యభాగం బాణీ కెంటకీ ఫిడిల్ కళాకారుడు డబ్ల్యూ.హెచ్. స్టెప్ వాయించిన రికార్డింగులో ఉన్నదాన్ని దాదాపు అలాగే ఎత్తి పెట్టింది.

అపోహ: స్వరాలు తక్కువ, వాయించడం తేలిక.

ఈ మాటన్నవాళ్లకి నా వయొలిన్ ఇచ్చి కూర్చోబెట్టాలనిపిస్తుంది. మొదట్లో ఎ మేజర్, ఇ మేజర్ అనే రెండు కార్డ్‌లు (కలిపి మోగే స్వరాల గుంపులు) ఒకదాని మీద ఒకటి మెల్లగా పేరుకుంటాయి, ఊపిరంత సన్నటి శబ్దంతో కమాను లాగాలి, చెయ్యి కొంచెం వణికినా హాలంతా వినిపిస్తుంది. ఇక వేగంగా వెళ్లే చోట్ల రెండేసి, మూడేసి మాత్రల గుంపులు మారిపోతూ ఉంటాయి. చిన్నప్పుడు కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాణ్ని కదా, మిశ్రచాపు వచ్చు, నాకేం టెన్షన్ అనుకుని వెళ్లాను. మన తాళం ఆవర్తనంగా తిరిగి ఎత్తుకున్న చోటికే వస్తుంది, ఇక్కడ రాదు. పైగా మధ్యలో ఖాళీ మాత్రలు. నర్తకి పాదం ఇంకా గాల్లోనే ఉందనుకోండి, ఆ ఖాళీలో మనం ఆగాలి. మొదటి రిహార్సల్లో నేను ఆగలేదు. అందరూ నిశ్శబ్దంగా ఉన్న ఒక ఖాళీలో నా వయొలిన్ ఒక్కటే, అదీ గట్టిగా, మోగింది. కండక్టర్ ఏమీ అనలేదు, పక్కావిడ మాత్రం పెన్సిల్ తీసి నా కాగితం మీద ఆ ఖాళీ పైన ఒక కళ్లద్దాల జత గీసింది, ఇక్కడ తలెత్తి చూడు అని. ఇంకా చెరపలేదు.