లక్నేపల్లి నుంచి శ్రీపెరంబుదూరు వైపు చూస్తే

1991 మే 21 సాయంత్రం విశాఖపట్నంలో ఎన్నికల ప్రచారం ముగించుకొని మద్రాసు బయలుదేరబోతున్న రాజీవ్ గాంధీకి విమానం మొరాయించింది. సమాచార వ్యవస్థలో లోపం తలెత్తింది. ఇక ఆ రాత్రికి విశాఖలోనే ఉండిపోదామని ఆయన అతిథిగృహానికి బయలుదేరారు. అంతలోనే విమానం బాగైందని కబురు వచ్చింది. వెనక్కి వెళ్లి, స్వతహాగా పైలట్ కావడంతో తానే విమానం నడుపుకుంటూ మద్రాసు చేరారు. రాత్రి పది దాటాక శ్రీపెరంబుదూరు సభాస్థలిలో ధను అనే యువతి కాళ్లకు మొక్కబోతున్నట్టు వంగి, నడుముకు కట్టుకున్న బాంబును పేల్చింది.

ఆ మరమ్మతు ఇంకొక్క గంట ఆలస్యమైతే బాగుండేదని మన పెద్దలు ఎన్నోసార్లు అనుకోగా విన్నాను. ఆ బాధ నిజమైనది. అయితే అందులోంచే మరో మాట పుట్టింది. విమానం అంత త్వరగా ఎలా బాగైంది, కబురు పంపింది ఎవరు, పంపించిందెవరు అని. జరగకుండా ఉండాల్సింది జరిగిపోయినప్పుడు మనసు ఒక దోషిని వెతుక్కుంటుంది. యంత్రం చెడిపోవడం, బాగుపడటం వంటి మామూలు సంగతితో దానికి తృప్తి ఉండదు. రాజీవ్ హత్య చుట్టూ మూడు దశాబ్దాలుగా పేరుకుపోయిన కుట్ర కథలన్నిటికీ బీజం ఈ అతృప్తిలోనే ఉంది.

ఓరుగల్లు వాళ్లం ఈ కథలను మిగతావాళ్లకన్నా జాగ్రత్తగా వినాలి. ఎందుకంటే వాటిలో ఒకటి మన గడపకే వచ్చి ఆగుతుంది.

నర్సంపేట దగ్గరి లక్నేపల్లిలో పుట్టి, వంగరలో పెరిగిన పి.వి. నరసింహారావు 1957 నుంచి మంథని శాసనసభ్యుడు. 1977లో, 1980లో హనుమకొండ లోక్‌సభ సభ్యుడు. 1984లో ఇదే హనుమకొండలో చందుపట్ల జంగారెడ్డి చేతిలో ఓడిపోయి, మహారాష్ట్రలోని రాంటెక్ నుంచి గెలిచారు. 1991 ఎన్నికల్లో ఆయన పోటీయే చేయలేదు. ఢిల్లీ వదిలి హైదరాబాదు వచ్చి చదువూ రాతలతో గడపాలనుకొని పుస్తకాలు కూడా సర్దుకున్నారు. మే 21న రాజీవ్ చనిపోయారు. పార్టీ అధ్యక్ష పదవి చేపట్టాలని కాంగ్రెస్ వర్కింగ్ కమిటీ సోనియా గాంధీని కోరితే ఆమె నిరాకరించారు. మే 29న పి.వి. అధ్యక్షుడయ్యారు. రాజీవ్ చనిపోయిన సరిగ్గా నెలకు, జూన్ 21న ప్రధానమంత్రిగా ప్రమాణం చేశారు. ఆ తర్వాతే నంద్యాల ఉప ఎన్నికలో గెలిచి లోక్‌సభకు వెళ్లారు.

కుట్ర కథలు అల్లేవాళ్లు మొదట వేసే ప్రశ్న ఒకటే: ఈ చావుతో లాభపడిందెవరు? ఆ కొలబద్ద పట్టుకుంటే ముందుగా దొరికేది మన వంగర మనిషే. ఈ మాట ఢిల్లీ లాబీల్లో మాత్రమే వినిపించలేదు. హనుమకొండ చౌరస్తాలో చాయ్ తాగుతూ, గొంతు తగ్గించి ఆ మాట అన్నవాళ్లను నేను చూశాను. అలా అన్నవాళ్లలో ఆయనంటే గౌరవం ఉన్నవాళ్లు కూడా ఉన్నారు. ఇంటికి వెళ్లిపోదామని పెట్టె సర్దుకున్న మనిషి ఒక ప్రధాని కుర్చీ కోసం హత్య చేయించాడని నమ్మడానికి ఏ ఆధారమూ లేదు, ఏ దర్యాప్తూ ఆ మాట అనలేదు. లాభం కలగడం వేరు, నేరం చేయడం వేరు. మన మనిషి విషయంలో ఇది మనకు తేలిగ్గా అర్థమవుతుంది. ఇదే న్యాయం తమిళనాడు నాయకులకూ, ఇతర పార్టీలకూ ఇవ్వడానికి మాత్రం మనసు ఒప్పుకోదు. నా బాధంతా అక్కడే.

హత్య మర్నాడే ఇది రుజువైంది. చంపిందెవరో ఎవరికీ తెలియని ఆ గంటల్లో ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశం కార్యాలయాల మీద, ఆ పార్టీ నాయకుల ఆస్తుల మీద దాడులు జరిగాయి. చేతికందిన ప్రత్యర్థినే గుంపు దోషిగా నిలబెట్టింది. మన రాష్ట్రంలో ఈ హత్య గురించి పుట్టిన మొదటి కుట్ర కథ ఇదే. అది చాయ్ హోటల్లో ఆగిపోలేదు, నిప్పై అంటుకుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. 1980ల చివర, 1990ల మొదట్లో ఉత్తర తెలంగాణ హత్యలకు కొత్త కాదు. ఇక్కడ నక్సలైట్లు ఎవరినైనా చంపితే అక్కడ ఒక లేఖ వదిలేవారు, లేదా రెండు రోజుల్లో పత్రికలకు ప్రకటన పంపేవారు. చంపింది మేమే, ఇందుకే చంపాం అని. అది తప్పా ఒప్పా అన్నది వేరే చర్చ. హత్య జరిగితే దాని వెనుక ఒక పేరు, ఒక కారణం రాతపూర్వకంగా దొరుకుతాయన్న అలవాటు ఇక్కడి జనానికి ఉండేది. శ్రీపెరంబుదూరులో ఏ లేఖా దొరకలేదు. శ్రీలంకలో ప్రత్యేక దేశం కోసం పోరాడుతున్న తమిళ పులులు (ఎల్‌టీటీఈ) తమకు సంబంధం లేదన్నారు. ఆ మౌనంలోకి ఎవరికి తోచిన పేరు వాళ్లు తెచ్చి పెట్టారు. అమెరికా, ఇజ్రాయెల్ గూఢచారి సంస్థలన్నారు, పంజాబు తీవ్రవాదులన్నారు, ఆయుధ బేరగాళ్లన్నారు, సొంత పార్టీ వాళ్లే అన్నారు.

దర్యాప్తు మాత్రం ఒక కెమెరా దగ్గర మొదలైంది. పేలుడులో చనిపోయిన ఫొటోగ్రాఫర్ హరిబాబు శవం పక్కన అతని కెమెరా పాడవకుండా దొరికింది. అందులోని ఫొటోల్లో పూలదండ పట్టుకొని నిలబడ్డ ధను ఉంది, తెల్లటి కుర్తా పైజమాలో పులుల ముఠా నాయకుడు శివరాసన్ ఉన్నాడు. అప్పటికి హైదరాబాదులో సీఆర్‌పీఎఫ్ ఐజీగా ఉన్న డి.ఆర్. కార్తికేయన్ నాయకత్వంలో సీబీఐ ప్రత్యేక దర్యాప్తు బృందం ఏర్పడింది. 1990 జూన్‌లో మద్రాసులో ఈపీఆర్‌ఎల్‌ఎఫ్ అనే మరో శ్రీలంక తమిళ సంస్థ నాయకుడు పద్మనాభ హత్య వెనుక ఉన్నది ఇదే శివరాసన్ అని తేలింది. 1991 మే 7న మద్రాసులో వి.పి. సింగ్ సభకు ఇదే ముఠా వెళ్లి, నాయకుడి దగ్గరికి ఎంతవరకు చేరగలమో సరిచూసుకుందని కూడా బయటపడింది. రాజీవ్ ప్రధానిగా శ్రీలంకతో చేసుకున్న 1987 ఒప్పందం తర్వాత అక్కడికి వెళ్లిన భారత సైన్యం పులులతో పోరాడింది. రాజీవ్ మళ్లీ గెలిస్తే ఆ సైన్యం తిరిగి వస్తుందన్న భయంతోనే పులుల అధినేత ప్రభాకరన్ ఈ హత్యకు పూనుకున్నాడన్నది కేసు సారాంశం. సుప్రీంకోర్టు 1999లో దీన్ని అంగీకరించింది.

అయితే ఈ కథనంలో ఖాళీలు లేవని నేను అనను. ఆగస్టులో బెంగళూరు శివారు కోననకుంటెలో శివరాసన్ దాక్కున్న ఇంటిని చుట్టుముట్టిన తర్వాత కమాండోలు గంటల తరబడి ఆగిపోయారు. ఆగస్టు 20 ఉదయం లోపలికి వెళ్తే ఏడు శవాలు కనిపించాయి. హత్యను దగ్గరుండి నడిపినవాడి నోరు అలా శాశ్వతంగా మూతపడింది. ఆ ఆలస్యం చేతగానితనమా, కావాలని చేసిందా అని దేశమంతా అడిగింది. దర్యాప్తు ముఖ్య అధికారిగా పనిచేసిన కె. రఘోత్తమన్, సభకు ముందు తీసిన ఒక వీడియోను గూఢచారి విభాగం దాచిపెట్టిందని 2012లో ఆరోపించారు. ఇది వీధిలో పుట్టిన పుకారు కాదు, కేసు నడిపిన అధికారి మాట. ఇటువంటివి ప్రశ్నలు. వీటికి జవాబు చెప్పాల్సిన బాధ్యత ప్రభుత్వానిది. జవాబు రాకపోతే ప్రతి ప్రశ్న పక్కనా ఒక కథ మొలుస్తుంది.

రక్షణ లోపాల మీద జస్టిస్ జె.ఎస్. వర్మ కమిషన్ వేశారు. అది ఏడాదిలో నివేదిక ఇచ్చింది. 1989 చివర్లో అధికారం పోగానే రాజీవ్‌కు ప్రత్యేక రక్షణ దళాన్ని తీసేసి, దానికి సరిపడే ఏర్పాటు చేయలేదని తేల్చింది. సభ దగ్గర ఒక మహిళా సబ్‌ఇన్‌స్పెక్టర్ ధనును ఆపబోతే, అందరినీ రానివ్వమని రాజీవే చెప్పారన్న సంగతి తెలిసిందే. ఆయన చావుకు దారి తీసిన నిర్లక్ష్యం ఇంత సాదాసీదాగా ఉంది. ఇంతటి మనిషి ఇంత చిన్న కారణానికి పోవడమా అనిపిస్తుంది కనుకనే జనం వర్మ నివేదికను మరిచిపోయారు.

జనం గుర్తుపెట్టుకున్నది జస్టిస్ మిలాప్ చంద్ జైన్ కమిషన్‌ను. కుట్ర కోణం చూడమని పి.వి. ప్రభుత్వమే 1991 ఆగస్టులో దాన్ని నియమించింది. ఆ కమిషన్ ఆరేళ్లకు పైగా సాగింది. కాగితాలు అందడం లేదని, గడువు చాలదని, పని ముందుకు కదలడం లేదని ఫిర్యాదులు వచ్చాయి. 1995 ఆగస్టులో అమేఠీ సభలో సోనియా గాంధీ తన భర్త హత్య విచారణ ఇంత మెల్లగా సాగడమేమిటని బహిరంగంగానే అడిగారు. అర్జున్ సింగ్, ఎన్.డి. తివారీ అప్పటికే పార్టీ చీల్చి వెళ్లారు, వాళ్ల ఆరోపణల్లో ఇదీ ఒకటి. పి.వి. మీద అనుమానపు నీడ బలంగా పడింది ఈ కాలంలోనే.

ఇక్కడ ఓరుగల్లు అభిమానం పక్కన పెట్టి చెప్పాలి. ఆ ఆలస్యానికి పి.వి. ప్రభుత్వం బాధ్యత తప్పించుకోలేదు. తాంత్రికుడు చంద్రస్వామితో ఆయనకున్న సాన్నిహిత్యం అనుమానాలకు ఇంకా ఆజ్యం పోసింది. ఆ స్వామి పాత్రను మరింత దర్యాప్తు చేయాలని జైన్ కమిషన్ తుది నివేదికలో సూచించింది. కానీ 2017లో చనిపోయేదాకా ఈ హత్య కేసులో అతని మీద అభియోగం నమోదు కాలేదు. మరోవైపు చూస్తే, పి.వి. ప్రధానిగా ఉండగానే 1992 మే నెలలో పులుల సంస్థను నిషేధించారు, అదే నెలలో 41 మంది మీద చార్జిషీటు దాఖలైంది. విచారణను తొక్కిపెట్టాలనుకున్నవాడు ఏడాదిలో చార్జిషీటు వేయనిస్తాడా? కోర్టు కేసు వేగంగా నడిచింది, కమిషన్ నత్తనడక నడిచింది. ఈ రెండూ ఒకే ప్రభుత్వంలో జరిగాయి. రెంటినీ కలిపి చూడాలి.

ఆ కమిషన్‌ను ఇతరులు వాడుకున్న తీరు నాకు మరింత కోపం తెప్పిస్తుంది. 1997 నవంబరులో మధ్యంతర నివేదికలోని అంశాలు బయటికి పొక్కాయి. తమిళనాడులో పులులకు డీఎంకే అండ దొరికిందన్నది అందులోని మాట. తన మద్దతుతో నడుస్తున్న కేంద్ర ప్రభుత్వం నుంచి డీఎంకే మంత్రులను తొలగించాలని కాంగ్రెస్ పట్టుబట్టింది, ప్రధాని ఐ.కె. గుజ్రాల్ ఒప్పుకోలేదు, నవంబరు 28న ఆయన రాజీనామా చేశారు. ఏ పార్టీని సాకుగా చూపి ప్రభుత్వాన్ని కూల్చారో 2004లో అదే పార్టీతో కలిసి కాంగ్రెస్ కేంద్రంలో ప్రభుత్వం ఏర్పాటు చేసింది. చనిపోయిన మనిషి మీద, ఆయనతోపాటు ముక్కలైన పోలీసుల మీద, కార్యకర్తల మీద ఇంతకన్నా అగౌరవం ఏముంటుంది? కుట్ర కోణం అన్న మాటను రాజకీయ అవసరానికి తీసి, అవసరం తీరాక లోపల పెట్టుకోవడం చూసిన సామాన్యుడు ప్రభుత్వం చెప్పే నిజాన్ని ఎందుకు నమ్ముతాడు?

ఈ గోల మధ్య అసలైన లోపం ఒకటి ఎవరి కంటా పడకుండా ఇరవై రెండేళ్లు పడి ఉంది. పేరరివాళన్ అనే యువకుడిని 1991 జూన్‌లో అరెస్టు చేసినప్పుడు అతనికి 19 ఏళ్లు. తొమ్మిది వోల్టుల బ్యాటరీలు రెండు కొని శివరాసన్‌కు ఇచ్చాడన్నది అతని మీద ప్రధాన అభియోగం. 1998 జనవరిలో ఉగ్రవాద నిరోధక చట్టమైన టాడా కింది కోర్టు, విచారణ ఎదుర్కొన్న 26 మందికీ ఉరిశిక్ష వేసింది. 1999 మే 11న సుప్రీంకోర్టు 19 మందిని వదిలేసి, ముగ్గురికి యావజ్జీవం, నలుగురికి ఉరి ఖాయం చేసింది. ఆ నలుగురిలో అతనొకడు. శిక్షకు ముఖ్య ఆధారం పోలీసు అధికారి ముందు ఇచ్చిన నేరాంగీకార వాంగ్మూలం. మామూలు చట్టంలో అది చెల్లదు, టాడాలో చెల్లింది.

2013లో ఆ వాంగ్మూలం రాసుకున్న సీబీఐ అధికారి వి. త్యాగరాజన్ నోరు విప్పారు. బ్యాటరీలు ఎందుకు అడిగారో తనకు తెలియదని పేరరివాళన్ చెప్పాడని, ఆ వాక్యాన్ని తాను వాంగ్మూలంలో రాయలేదని ఒప్పుకున్నారు. ఒక్క వాక్యం రాయకపోవడం వల్ల ఒక మనిషి అప్పటికి 22 ఏళ్లుగా జైల్లో ఉన్నాడు, అందులో ఎక్కువ కాలం ఉరికంబం నీడలో. మనం విదేశీ గూఢచారుల కోసం, స్వాముల కోసం, లాభపడిన నాయకుల కోసం వెతుకుతూ ఉంటే దాచిన నిజం ఒక పోలీసు కాగితంలోనే ఉండిపోయింది. కుట్ర కథలు చేసే అసలు కీడు ఇదేనని నా నమ్మకం. అవి ప్రభుత్వాన్ని నిలదీస్తున్నట్టే కనిపిస్తాయి గానీ, నిలదీయాల్సిన చోటు నుంచి మన చూపు మళ్లిస్తాయి.

జైన్ కమిషన్ సిఫార్సులతో 1998 డిసెంబరులో సీబీఐ కింద ఎండీఎంఏ అనే బహుళ సంస్థల పర్యవేక్షణ విభాగం ఏర్పడింది. విశాల కుట్రను, విదేశీ సంబంధాలను తేల్చడం దాని పని. గడువు పొడిగిస్తూ పోయారు. అది చెన్నై టాడా కోర్టుకు సీలు కవర్లలో నివేదికలు ఇస్తూ వచ్చింది. ఆ నడుము బాంబును తయారు చేసిందెవరో చెప్పమని సుప్రీంకోర్టును అడిగింది ఏ నాయకుడూ కాదు, బ్యాటరీలు కొన్నందుకు శిక్ష పడిన పేరరివాళనే. 2022 మే 18న సుప్రీంకోర్టు అతన్ని విడుదల చేసింది, నవంబరు 11న మిగిలిన ఆరుగురినీ వదిలింది. అదే ఏడాది కేంద్రం ఎండీఎంఏను రద్దు చేసింది. 24 ఏళ్లు అది కోర్టుకు సీలు కవర్లు ఇస్తూనే పోయింది.