పులి రంగు చొక్కా వేసుకుని అడవిలోకి

మా అక్క కూతురు న్యూజెర్సీలో ఉంటుంది. థాంక్స్‌గివింగ్ సెలవులకి (నవంబరు నాలుగో గురువారం వచ్చే అమెరికా పండగ) స్నేహితులతో కలిసి పెన్సిల్వేనియా కొండల్లో హైకింగ్‌కి వెళ్దామనుకుని ఫోన్ చేసింది. "మామయ్యా, ఇప్పుడు జింకల వేట సీజనట, అడవిలోకెళ్తే ఆరెంజ్ వేసుకోమంటున్నారు. వేటగాళ్లు కూడా అదే వేసుకుంటారట. అంత కొట్టొచ్చే రంగు చూస్తే జింకలు పారిపోవా?" భలే ప్రశ్న. వారం రోజులుగా నా బుర్రలో ఇదే తిరుగుతోంది.

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక జింకని కొడితే జైలుకే, అందుకే 'వేట సీజన్' అన్న మాటే మనవాళ్లకి కొత్త. అక్కడ లైసెన్సు తీసుకుని చట్టప్రకారమే వేటాడతారు. పెన్సిల్వేనియాలో తుపాకీ సీజన్ థాంక్స్‌గివింగ్ తర్వాతి శనివారం మొదలవుతుంది, అంటే సరిగ్గా మనవాళ్లు కార్లేసుకుని కొండలకి బయల్దేరే రోజున. ఆదివారం వేట ఉండదులే అని ఎవరైనా అంటే నమ్మకండి, ఆ నిషేధాన్ని 2025లో ఎత్తేశారు.

ఇక జింక కన్ను. కంటి వెనక రెటీనాలో రంగుని పసిగట్టే శంకు కణాలుంటాయి. ఒక్కో శంకు కణాన్ని గుడి హుండీ అనుకోండి. సాయంత్రం హుండీ విప్పితే ఎంత పడిందో తెలుస్తుంది కానీ ఎవరు వేశారో తెలియదు. శంకు కణం కూడా అంతే, ఎంత కాంతి పడిందో మెదడుకి చెబుతుంది, ఏ రంగు కాంతో చెప్పలేదు. మరి రంగెలా తెలుస్తుంది? పక్కపక్కనే వేర్వేరు హుండీలు పెట్టి, దేంట్లో ఎంత పడిందో పోల్చి చూస్తే తెలుస్తుంది. మనకి మూడు రకాల హుండీలున్నాయి, వాటికి బాగా నచ్చే తరంగదైర్ఘ్యాలు (కాంతి రంగుని చెప్పే కొలత, అంకె పెరిగేకొద్దీ నీలం నుంచి ఎరుపు వైపు) సుమారు 420, 530, 560 నానోమీటర్లు. పచ్చటి ఆకు మీంచి వచ్చే కాంతి చివరి రెండిట్లో దాదాపు సమంగా పడుతుంది, నారింజ కాంతి మాత్రం 560 వైపే ఎక్కువ మొగ్గుతుంది. ఆ మొగ్గునే మనం 'నారింజ' అంటున్నాం.

అమెరికా తెల్లతోక జింకకి ఉన్నవి రెండే హుండీలు. ఒకటి 450–460 దగ్గర, రెండోది 537 దగ్గర. మన 560 హుండీ దానికి లేనే లేదు. పచ్చ, పసుపు, నారింజ, ఏదొచ్చినా దాదాపు అంతా ఆ 537 హుండీలోనే పడుతుంది, నీలం హుండీలో చిల్లర తప్ప ఏమీ పడదు. పోల్చడానికి ఆ వైపు ఇంకో హుండీ లేనప్పుడు పచ్చాకుకీ నారింజ చొక్కాకీ తేడా ఏముంటుంది? వెలుగులో కాస్త ఎక్కువ తక్కువ, అంతే.

ఇదే కిటుకు మన నల్లమలలో పులి ఎప్పటినుంచో వాడుతోంది! అంత నారింజ రంగేసుకుని పచ్చటి పొదలో పులి ఎలా దాక్కుంటుందని చిన్నప్పుడు నాకు పెద్ద అనుమానం, ఏ టీచరూ చెప్పలేదు. క్షీరదాల వెంట్రుకలకి పచ్చ రంగు వచ్చే దారే లేదు, మెలనిన్‌తో నలుపు, గోధుమ, ఎర్రటి పసుపు వస్తాయి, అంతే. కానీ చూసే దుప్పికి రెండు హుండీలే కాబట్టి నారింజ పులి దానికి పచ్చగానే ఉంటుంది. బ్రిస్టల్ విశ్వవిద్యాలయం వాళ్లు 2019లో, ఫొటోల్ని రెండు శంకుల చూపుకి మార్చి మనుషులతో వెతికించి మరీ ఇది చూపించారు. ఎర్ర చీర చూస్తే ఎద్దు పొడుస్తుందంటారే, ఎద్దుకీ రెండే హుండీలు. అది రెచ్చిపోయేది కదలికకి.

అయితే మామూలు నారింజ చాలదు, ఫ్లోరోసెంట్ కావాలి. అతినీలలోహిత, నీలం, పచ్చ కాంతిని మింగి, దాన్ని 600 నానోమీటర్ల దగ్గర నారింజగా తిరిగి వదులుతుంది ఆ రంగు. అంటే తన మీద పడిన నారింజ కన్నా ఎక్కువ నారింజ బయటికొస్తుంది. ఎండిన ఆకుల్లో, చెట్ల బెరడులో ఇలా వెలిగేదేదీ ఉండదు, అందుకే మనిషి కన్ను దూరం నుంచే పట్టేస్తుంది. పెన్సిల్వేనియాలో తుపాకీతో జింకల వేటకెళ్లేవాళ్లు తల, ఛాతీ, వీపు మీద మొత్తం 250 చదరపు అంగుళాల ఫ్లోరోసెంట్ ఆరెంజ్, ఎటు నుంచి చూసినా కనపడేలా వేసుకోవాలి. చదరపు మూరెడు గుడ్డకన్నా తక్కువే. హైకర్లు కూడా అదే కొలత పెట్టుకుంటే మంచిది. బ్యాగు తగిలిస్తే వీపు మీది జాకెట్ మొత్తం మూసుకుపోతుంది, కాబట్టి బ్యాగు మీదా ఆరెంజ్ కవర్ వేయండి. కుక్కని తీసుకెళ్తే దానికీ వేయండి.

తెలుపు మాత్రం వద్దు, దీని గురించి గట్టిగా చెబుతున్నాను. ఈ జింక బెదిరితే తోక పైకెత్తుతుంది, తోక అడుగు తెల్లగా మెరుస్తుంది. పొదల వెనక తెల్ల గ్లోవ్స్, తెల్ల మఫ్లర్, ముక్కు తుడుచుకునే రుమాలు అచ్చం అలాగే కదులుతాయి. గోధుమ రంగు కోటు సంగతి వేరే చెప్పాలా!

తెల్లవారుజామున, సంధ్యవేళ అసలు వెళ్లకండి. జింకలు బాగా తిరిగేది అప్పుడే, పైగా చాలా రాష్ట్రాల్లో సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా వేటకి అనుమతి ఉంటుంది. వెలుగు తగ్గేకొద్దీ మన కంట్లో శంకులు మూగబోయి దండ కణాలు పని అందుకుంటాయి, వాటికి 500 నానోమీటర్ల దగ్గర చూపు ఎక్కువ, 600 దగ్గర దాదాపు లేదు. అందుకే సాయంత్రం పెరట్లో మందారం ఆకులకన్నా ముందే నల్లబడిపోతుంది. చెక్ శాస్త్రవేత్త పుర్కినే గమనించిన మార్పు ఇదే. ఆరెంజ్ జాకెట్‌కీ అదే గతి పడుతుంది, పడే కాంతే లేకపోతే ఫ్లోరోసెంట్ దేన్ని మార్చి వెలుగుతుంది? ఆలస్యమైతే తల లైటు వెలిగించుకుని, గట్టిగా మాట్లాడుకుంటూ, దారి వదలకుండా నడవాలి. తుపాకీ చప్పుడు దగ్గర్లో వినపడితే నిలబడి, మనుషులున్నారని కేకెయ్యాలి.

ఇదంతా చెప్పాక మా మేనకోడలు, తన స్నేహితురాలి దగ్గర నాలుగేళ్ల నాటి ఆరెంజ్ టోపీ ఉంది, అది పెట్టుకుంటానంది. ఫ్లోరోసెంట్ రంగు ఎండకి చచ్చిపోతుంది. పాతబడ్డ టోపీ చూడ్డానికి నారింజగానే ఉన్నా వెలుగు మార్చే అణువులు చాలావరకు చెదిరిపోయి ఉంటాయి. దుకాణానికి తీసుకెళ్లి నీడలో కొత్తదాని పక్కన పెట్టి చూడమన్నాను. చూసి, కొత్తది కొనుక్కుంది.