ఆ 0.7 వోల్ట్‌లను నమ్మకండి: డయోడ్ ఫంక్షన్ జెనరేటర్‌పై అపోహలు - వాస్తవాలు

డయోడ్ ఫంక్షన్ జెనరేటర్ అంటే, కరెంట్‌ని ఒకవైపే పంపే డయోడ్‌లతో ఒక కర్వ్‌ని చిన్న చిన్న సరళరేఖ ముక్కలుగా కట్టే సర్క్యూట్. ఇన్‌పుట్ వర్గాన్ని (స్క్వేర్) ఇచ్చే వర్గం ఫంక్షన్ అలా కట్టిందే. ఒక్కో ముక్క దగ్గర ఒక్కో డయోడ్ ఆన్ అవుతుంది, ఆ ముక్క మొదలయ్యే వోల్టేజే బ్రేక్‌పాయింట్. ఏటా ప్రాజెక్టుల సీజన్ వచ్చేసరికి మా విజయనగరం ల్యాబ్‌లో ఇదే మాట. "సార్, పొద్దున వర్గం ఫంక్షన్ చక్కగా వచ్చింది, మధ్యాహ్నానికి తప్పుతోంది, డయోడ్‌లు డూప్లికేట్ అంటున్నారు, అన్నీ మార్చేయమంటారా?" మార్చకండి. మీ డయోడ్‌లు మంచివే.

అపోహ: సిలికాన్ డయోడ్ 0.7 వోల్ట్‌ల దగ్గర స్విచ్‌లా ఆన్ అవుతుంది, ఆ అంకె ఒక్కసారి లెక్కలో కలిపేస్తే చాలు.

వాస్తవం: డయోడ్ మీద పడే ఆ వోల్టేజ్ (డ్రాప్) స్థిరమైన అంకె కాదు. 1ఎన్4148 అనే చిన్న సిలికాన్ డయోడ్‌నే తీసుకోండి, కరెంట్ పది మైక్రోయాంప్‌ల దగ్గర సుమారు 0.4 వోల్ట్‌లు, ఒక మిల్లీయాంప్ దగ్గర 0.6. పైగా ఒక్కో డిగ్రీ వేడి పెరిగితే సుమారు 2 మిల్లీవోల్ట్‌లు తగ్గుతుంది. మన దగ్గర వేసవిలో పొద్దుటికీ మధ్యాహ్నానికీ పది డిగ్రీల తేడా మామూలే కదా, అంటే ఒక్కో డయోడ్ మీద 20 మిల్లీవోల్ట్‌లు. డ్రాప్ తగ్గితే ప్రతి బ్రేక్‌పాయింట్ సున్నా వైపు జరుగుతుంది, ప్రతి ముక్కా కాస్త ముందే మొదలవుతుంది, ఆ తప్పులన్నీ ఒకదాని మీద ఒకటి కూడుకుంటూ పోతాయి. 10 వోల్ట్‌ల రెఫరెన్స్‌తో (బ్రేక్‌పాయింట్‌లని నిర్ణయించే స్థిర వోల్టేజ్), తొమ్మిది బ్రేక్‌పాయింట్‌లతో వర్గం కడితే పూర్తి స్కేల్ దగ్గర తేడా 50 మిల్లీవోల్ట్‌లు దాటుతుంది. మధ్యాహ్నం మీ కర్వ్ పైకి లేచేది అందుకే.

దీనికి తోడు, ఇంకా ఎక్కువ డయోడ్‌లు పెడితే కచ్చితత్వం వస్తుందని ఎవరో చెప్తారు, పిల్లలు వెళ్లి కొనుక్కొస్తారు. పది సమాన ముక్కలతో వర్గం కడితే గీతకీ అసలు కర్వ్‌కీ మధ్య గరిష్ఠ తేడా 25 మిల్లీవోల్ట్‌లే, ఇరవై ముక్కలకి 6. వేడి వల్లే 50 పోతుంటే ఆ 19 మిగుల్చుకోవడానికి అంత ఖర్చు, అంత టెన్షన్ ఎందుకు?

ఒక ఏడాది శ్రీకాకుళం నుంచి రోజూ బస్సులో వచ్చే అమ్మాయి ఇలాగే విశాఖ మూడుసార్లు తిరిగి డయోడ్‌లు తెచ్చింది. వైవా ముందు రోజు "ఏటి సార్, ఇంక నా వల్ల కాదు" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. నేను వేడి సోల్డరింగ్ ఐరన్‌ని డయోడ్‌ల వరుస దగ్గరగా, తాకకుండా పట్టుకున్నాను. మీటర్‌లో అంకెలు వాటంతట అవే ఎక్కాయి. ఆ పిల్ల ముఖం చూడాలి! ఫ్యాన్ ఆపి, అరగంట సప్లై ఆన్‌లో ఉంచి, ముందు ఆప్ ఆంప్ (ముక్కల కరెంట్‌లని కలిపే యాంప్లిఫయర్ చిప్) ఆఫ్‌సెట్‌ని, అంటే ఇన్‌పుట్ లేకపోయినా కనిపించే చిన్న వోల్టేజ్‌ని, సున్నా చేసి, తర్వాత సున్నా వైపు నుంచి బయటికి ఒక్కో ముక్కే సెట్ చేశాం. మధ్యలోంచి మొదలుపెట్టకూడదు, ఎందుకంటే ఏ ముక్క స్లోప్ (వాలు) అయినా దాని ముందున్న వాటన్నిటికీ అది తోడైన మొత్తమే. మర్నాడు వైవాలో ఆ ఐరన్ ప్రయోగం తనే చేసి చూపించింది.

శాశ్వతంగా పరిష్కారం కావాలంటే డయోడ్‌ని ఆప్ ఆంప్ ఫీడ్‌బ్యాక్ (ఔట్‌పుట్‌ని తిరిగి ఇన్‌పుట్‌కి కలిపే దారి) లోపల పెట్టండి, డ్రాప్ ప్రభావం గెయిన్‌తో (అది పెంచే రెట్లతో) భాగించబడి దాదాపు మాయమవుతుంది. ఒక టీఎల్084లో నాలుగు ఆప్ ఆంప్‌లు ఉంటాయి, తొమ్మిది బ్రేక్‌పాయింట్‌లకి మూడు ఐసీలు సరిపోతాయి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. మూలలు కోసుగా వస్తాయన్నది నిజం కాదు, డయోడ్ మెల్లగా ఆన్ అవుతుంది కాబట్టి అవి గుండ్రబడతాయి, అది మనకే మేలు. సైన్ లాంటి కిందికి వంగే కర్వ్‌లు రావన్నదీ తప్పే, తర్వాతి ముక్కల కరెంట్‌ని కలపడానికి బదులు తీసేస్తే వంగుతాయి. పవర్ సప్లైలలో వాడే డయోడ్ 1ఎన్4007 నెమ్మదిగా నడిచే పనికి పర్వాలేదు, వేగం పెంచితే వద్దు.

గుణకారం కుదరదనేవాళ్లకి: కుదురుతుంది. రెండు సంఖ్యల మొత్తం వర్గంలోంచి తేడా వర్గం తీసేసి నాలుగుతో భాగిస్తే లబ్ధం వస్తుంది. అందుకు రెండు వర్గం కార్డులు కావాలి, వాటిని ఒకే పెట్టెలో పక్కపక్కన పెట్టండి, ఒకే వేడిలో ఉంటే తేడాలు కొంతైనా ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి.